మెదడు సిరల్లో గడ్డ: అడిగితేనే కనిపించే జబ్బు

పక్షవాతం అనగానే మనకు గుర్తొచ్చేది ధమని. మెదడుకు రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డం పడుతుంది. నిమిషాల్లో మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసినవాళ్ళెవరికైనా ఏదో జరిగిందని తెలిసిపోతుంది, ఆసుపత్రికి పరుగెత్తుతారు.

ఈ అధ్యాయం మరో రకం పక్షవాతం గురించి. ఇందులో గడ్డ రక్తం వచ్చే దారిలో కాదు, పోయే దారిలో పడుతుంది. దీన్ని సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్ అంటారు. వార్డుల్లో పొట్టిగా సీవీటీ అనేస్తారు. మొత్తం పక్షవాతాల్లో దీని వాటా నూటికి ఒకటి లోపే అని పాశ్చాత్య దేశాల లెక్క. మన దేశంలో అంతకంటే ఎక్కువే కనిపిస్తుందని ఇక్కడి న్యూరాలజిస్టుల అనుభవం. వచ్చేది ముసలివాళ్ళకు కాదు, ఎక్కువగా పాతికా ముప్ఫై ఏళ్ళ వాళ్ళకు. పైగా ఇది ఒక్కసారిగా వచ్చి మీదపడదు. తలనొప్పిగా మొదలై, రోజుల తరబడి నానుతుంది. ఈలోగా దాన్ని పార్శ్వనొప్పి అనో, గ్యాస్ అనో, నిద్రలేమి అనో అందరూ తలా ఒక పేరు పెట్టేస్తారు.

21 దేశాల నుంచి 624 మంది రోగుల వివరాలు సేకరించి 2004లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, లక్షణాలు మొదలైన రోజుకూ జబ్బు పేరు తేలిన రోజుకూ మధ్య సగటున వారం గడిచింది. ఆ వారం ఎందుకు గడుస్తుంది, దాన్ని ఎలా తగ్గించవచ్చు అన్నదే ఇక్కడ చెప్పుకోబోయేది.

పోయే దారి ఎలా ఉంటుంది?

మెదడులోకి నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. వచ్చినదంతా తిరిగి వెళ్ళిపోవాలి. మెదడు ఉపరితలం మీద సన్నటి సిరలు ఆ రక్తాన్ని పోగుచేసి, పుర్రె లోపలి గట్టి పొరలో ఉన్న పెద్ద కాలువల్లోకి వదులుతాయి. ఈ కాలువలను సైనస్‌లు అంటారు. జలుబు చేస్తే దిబ్బడ వేసే ముక్కు సైనస్‌లు గాలి గదులు. అవి వేరు, ఇవి వేరు.

నుదుటి నుంచి నడినెత్తి మీదుగా వెనక్కి సాగేది సుపీరియర్ సజిటల్ సైనస్. తల వెనక భాగంలో అది కుడి ఎడమలకు చీలి ట్రాన్స్‌వర్స్ సైనస్‌లవుతుంది. అవి చెవుల వెనక వంపు తిరిగి సిగ్మాయిడ్ సైనస్‌లై, చివరికి మెడలోని జుగులర్ సిరల్లో కలుస్తాయి. మెదడు లోతుల్లోని రక్తం మరో దారిన, స్ట్రెయిట్ సైనస్ ద్వారా వచ్చి వెనక కూడలిలో చేరుతుంది. కళ్ళ వెనక, పిట్యూటరీ గ్రంథికి రెండు పక్కలా కావర్నస్ సైనస్ అనే జత ఉంది.

మెదడు చుట్టూ ఉండే ద్రవం కూడా ఎక్కువ భాగం ఈ సైనస్‌లలోకే ఇంకుతుంది. మనిషిలో ఈ ద్రవం రోజుకు సుమారు అర లీటరు తయారవుతుంది. తయారైనంతా ఎప్పటికప్పుడు బయటపడాలి. కాబట్టి సైనస్‌లో గడ్డ కడితే రెండు పనులు ఒకేసారి ఆగుతాయి: రక్తం వెనక్కి తన్నుతుంది, ద్రవం పేరుకుపోతుంది. అలుగు మూసుకుపోయిన చెరువులోకి వాగు నీరు వస్తూనే ఉంటే ఏమవుతుంది? ముందు మట్టం పెరుగుతుంది, తర్వాత కట్ట చెమ్మ పట్టి ఊరుతుంది, చివరికి ఎక్కడో గండి పడుతుంది. మెదడులోనూ వరస ఇదే: ముందు పీడనం, తర్వాత వాపు, ఆపైన రక్తస్రావం.

ఒక దారి మూసుకుంటే పక్క దారులున్నాయి. మెదడు సిరలకు కవాటాలు లేవు కాబట్టి రక్తం ఎటైనా మళ్ళగలదు. అందుకే గడ్డ కట్టిన మొదటి రోజునే మనిషి పడిపోడు. ఆ వెసులుబాటు ఉన్నన్నాళ్ళూ జబ్బు తలనొప్పి చాటునే ఉంటుంది.

లక్షణాలు: నాలుగు రకాలు

మొదటిది, అన్నిటికంటే తరచుగా కనిపించేది, పీడనం పెరిగినప్పటి తలనొప్పి. పైన చెప్పిన 624 మందిలో దాదాపు 89 శాతానికి తలనొప్పి ఉంది. అది రోజురోజుకీ పెరుగుతుంది. పడుకుంటే ఎక్కువవుతుంది, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. దగ్గినా, ముక్కినా, వంగినా తల పగిలిపోతున్నట్టుంటుంది. వాంతులవుతాయి. వంగి లేచేసరికి కొన్ని సెకన్లు కళ్ళు చీకట్లు కమ్ముతాయి. కంటిని పక్కకు తిప్పే ఆరో నరం పీడనానికి నలిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఈ దశలో కంటి డాక్టరు ఆఫ్తాల్మోస్కోపుతో కంటి వెనక పొర చూస్తే ఆప్టిక్ నరం తల ఉబ్బి, అంచులు చెదిరి కనిపించవచ్చు. పైసా ఖర్చులేని ఈ పరీక్ష ఒక్కోసారి స్కాన్ కంటే ముందే దారి చూపిస్తుంది. ఈ వాపును పట్టించుకోకుండా వదిలేస్తే ప్రాణం నిలిచినా చూపు పోవచ్చు.

రెండోది, మెదడు కణజాలమే దెబ్బతిన్నప్పటి తీరు. ఇందులో ముఖ్యమైనది ఫిట్స్. ధమనిలో గడ్డ పడ్డవాళ్ళలో మొదట్లోనే ఫిట్స్ రావడం తక్కువ. సీవీటీలో పదిమందిలో నలుగురికి వస్తాయి. ఇంతకుముందెన్నడూ ఫిట్స్ లేని పడుచు మనిషికి, నాలుగైదు రోజుల తలనొప్పి తర్వాత ఫిట్స్ వస్తే ఈ జబ్బును తలుచుకోవాల్సిందే. చెయ్యో కాలో బలహీనపడటం కూడా ఉంటుంది. నడినెత్తి సైనస్ దెబ్బతింటే దానికి ఇరుపక్కలా ఉన్న మెదడు భాగాలు వాస్తాయి కాబట్టి ఒకసారి కుడివైపు, మరోసారి ఎడమవైపు, ఒక్కోసారి రెండు కాళ్ళూ బలం కోల్పోతాయి. ఒక పక్క మాత్రమే పడిపోయే మామూలు పక్షవాతానికి ఇది భిన్నం.

మూడోది మగత. లోతు సిరలు మూసుకుంటే మెదడు నడుమ రెండు పక్కలా ఉండే థాలమస్ అనే భాగాలు ఉబ్బుతాయి. మనిషి ముభావంగా, అయోమయంగా మారి, పిలిస్తే పలకని స్థితికి చేరతాడు. ఇంట్లోవాళ్ళకు మానసిక సమస్యలా కనిపించవచ్చు. అన్నిటిలోకీ ప్రమాదకరమైన రకం ఇదే.

నాలుగోది కావర్నస్ సైనస్‌ది. ముక్కు, పైపెదవి ప్రాంతంలో సెగ్గడ్డ గిల్లినప్పుడో, ముక్కు సైనస్‌లలో చీము పట్టినప్పుడో ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే జ్వరంతో పాటు కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొస్తుంది, రెప్ప వాలుతుంది, కనుగుడ్డు తిరగదు. యాంటీబయాటిక్స్ వచ్చాక ఇది బాగా తగ్గింది.

ఎవరికి వస్తుంది?

నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో ఈ రోగుల్లో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్ళే. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్, గర్భం, ప్రసవం రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతాయి. ప్రసవమయ్యాక ఆరు వారాల వరకూ ఈ ముప్పు ఎక్కువ.

మన దగ్గర బొమ్మ కొంచెం వేరు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి న్యూరాలజిస్టులు 428 మంది రోగుల వివరాలు నమోదు చేసి 2012లో ప్రచురించారు. వాళ్ళలో సగానికి పైగా మగవాళ్ళు. సగటు వయసు 31 ఏళ్ళు. కారణాల్లో ముందున్నవి రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం. ఒక్కొక్కటీ దాదాపు 18 శాతం మందిలో కనిపించింది. తర్వాత మద్యం అలవాటు, హార్మోన్ మాత్రలు, బాలింత దశ. హోమోసిస్టీన్ పెరగడానికి తరచు కారణం బీ12, ఫోలేట్ విటమిన్ల లోపం. మద్యం ఒంట్లో నీటిని లాగేస్తుంది.

మన ఇళ్ళలోని రెండు అలవాట్లను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఒకటి బాలింత పథ్యం. పచ్చి ఒళ్ళని, పొట్ట వస్తుందని, నీళ్ళు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో బాలింతకు గ్లాసులు లెక్కపెట్టి నీళ్ళిస్తారు. ప్రసవంలో రక్తం పోయి, పాలిస్తూ, ఎండాకాలంలో మూసిన గదిలో ఉన్న మనిషికి నీళ్ళు కట్టడి చేస్తే రక్తం చిక్కబడుతుంది. రెండోది, పెళ్ళి, వ్రతం, తీర్థయాత్ర ముంచుకొస్తే నెలసరి వాయిదా వేసే మాత్రలను మందుల షాపులో అడిగి వేసుకోవడం. ఎక్కువమందికి ఏమీ కాదు. అప్పటికే రక్తహీనతో, బీ12 లోపమో, కుటుంబంలో గడ్డలు కట్టే లక్షణమో ఉన్నవాళ్ళ విషయంలో డాక్టరు సలహా లేకుండా వేసుకోవడం ప్రమాదం.

ఇవి కాక చెవిలో చీము, క్యాన్సర్, నెఫ్రోటిక్ సిండ్రోమ్, లూపస్ లాంటి జబ్బులు, పుట్టుకతో వచ్చే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ లోపాలు కారణమవుతాయి. 2021లో ఆస్ట్రాజెనెకా, జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకాల తర్వాత చాలా అరుదుగా, ప్లేట్‌లెట్లు పడిపోవడంతో పాటు వచ్చిన సీవీటీ ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది.

శవపరీక్ష నుంచి స్కాన్ దాకా

ఈ జబ్బును మొదట వర్ణించినది 1825లో ఫ్రెంచి వైద్యుడు రీబ్. క్యాన్సర్ ముదిరి తలనొప్పి, ఫిట్స్, సంధితో చనిపోయిన ఒక మగమనిషి శవాన్ని కోసి చూస్తే సైనస్‌లలో గడ్డలు కనిపించాయి. మూడేళ్ళకు స్కాట్లండు వైద్యుడు జాన్ అబర్‌క్రాంబీ ప్రసవమైన కొద్దిరోజులకు ఇదే జబ్బుతో పోయిన యువతి గురించి రాశాడు. ఆ తర్వాత వందేళ్ళ పాటు ఇది శవపరీక్షలో తేలే జబ్బుగానే మిగిలింది. చూసినవన్నీ చావులే కాబట్టి వస్తే చావే అని వైద్యులు నమ్మారు.

1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రఫీ కనిపెట్టాక బతికున్న మనిషిలో సిరలు చూసే వీలు కలిగింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మొదటి రోగి మెదడును సీటీ తీసింది. 1980లలో ఎంఆర్ఐ వచ్చింది. స్కాన్లు పెరిగేకొద్దీ తేలికపాటి కేసులు కూడా బయటపడ్డాయి. ఈ జబ్బులో ఎక్కువమంది బతుకుతారన్న సంగతి అప్పటికిగానీ తెలియలేదు.

సీటీలో ఏం చూస్తారు?

అత్యవసర విభాగంలో ముందు తీసేది కాంట్రాస్టు (రక్తనాళాలు తేటగా కనపడేందుకు ఎక్కించే మందు) ఇవ్వని మామూలు సీటీ. ఇక్కడే అసలు చిక్కు. సీవీటీ ఉన్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందిలోనే మామూలు సీటీ నేరుగా ఆ జబ్బును చూపిస్తుంది. మిగతావాళ్ళ రిపోర్టు నార్మల్ అనో, ఫలానా చోట వాపు అనో వస్తుంది. తలనొప్పితో వచ్చిన మనిషి నార్మల్ రిపోర్టు చేతపట్టుకుని, నొప్పి మాత్రతో ఇంటికి వెళ్ళిపోతాడు. గడచిపోయే ఆ వారంలో పెద్ద భాగం ఇక్కడే పోతుంది.

చూడటం తెలిసిన కంటికి ఆ ఫిల్ములోనే కొన్ని ఆనవాళ్ళు దొరుకుతాయి. సీటీలో సాంద్రతకు హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే కొలమానం ఉంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. సిరలో పారే మామూలు రక్తం 50, 60 దగ్గర ఉంటుంది. గడ్డకట్టినప్పుడు నీరు పిండుకుపోయి ఎర్రకణాలు దగ్గరపడతాయి, అంకె 70 దాటుతుంది. అప్పుడు సైనస్ తెల్లగా మెరుస్తుంది. ఫిల్ము వెనక అంచున, పుర్రె ఎముకకు ఆనుకుని చిన్న తెల్ల త్రికోణం కనిపిస్తే అది సజిటల్ సైనస్‌లో గడ్డ. ఉపరితల సిర గడ్డకడితే సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది, దాన్ని తాడు గుర్తు అంటారు.

కాంట్రాస్టు ఇచ్చి తీస్తే బొమ్మ తిరగబడుతుంది. సైనస్ గోడలు మందును పీల్చి తెల్లబడతాయి, మధ్యలోని గడ్డలోకి మందు పోదు. తెల్లటి అంచుల నడుమ నల్లటి త్రికోణం తేలుతుంది. రేడియాలజిస్టులు దీన్ని ఖాళీ డెల్టా అంటారు. ఉంటే దాదాపు తిరుగులేని సాక్ష్యమే. లేకపోతే జబ్బు లేదని మాత్రం కాదు, సుమారు మూడింట ఒక వంతు మందిలోనే అది కనిపిస్తుంది.

మెదడు కణజాలంలో దెబ్బ ఎక్కడ ఉందన్నది మరో ఆధారం. ధమని మూసుకుంటే అది పోషించే మేర హద్దు గీసినట్టుగా దెబ్బతింటుంది. సిర మూసుకుంటే ఆ హద్దులు పాటించదు. నడినెత్తికి రెండు పక్కలా మచ్చలు, వాటి మధ్యలో రక్తం, లేదా చెవి పైన టెంపోరల్ భాగంలో రక్తస్రావం, లేదా రెండు థాలమస్‌లలో వాపు కనిపిస్తే సిరల వైపు చూడాలి.

అనుమానం ఉన్నప్పుడు అడగాల్సింది సిరలనే చూపించే వీనోగ్రామ్. కాంట్రాస్టు సిరల్లోకి చేరే క్షణానికి సరిగ్గా తీసే సీటీ వీనోగ్రామ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అత్యవసరానికి చాలా అనువైనది. రేడియేషన్, కాంట్రాస్టు మందు దీని లోటు.

ఎంఆర్ఐ: గడ్డకు వయసు కట్టే పరీక్ష

ఎంఆర్ఐ గడ్డ ఉందని చెప్పడంతో ఆగదు, అది ఎన్ని రోజులదో కూడా సూచిస్తుంది. కారణం హిమోగ్లోబిన్‌లోని ఇనుము. గడ్డలో చిక్కుకున్న ఎర్రకణాలు మొదటి అయిదు రోజుల్లో ఆక్సిజన్ కోల్పోతాయి. అప్పుడు గడ్డ టీ1 అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో బూడిదరంగులో, టీ2 అనే మరో రకం బొమ్మలో నల్లగా ఉంటుంది. వేగంగా పారే రక్తం కూడా టీ2లో నల్లగానే కనిపిస్తుంది కాబట్టి మొదటి వారంలో ఇది ఎంతటివారినైనా తప్పుదారి పట్టించగలదు. ఆరో రోజు నుంచి రెండు వారాల వరకు హిమోగ్లోబిన్ మెథీమోగ్లోబిన్‌గా మారుతుంది. ఇప్పుడు గడ్డ రెండు బొమ్మల్లోనూ తెల్లగా మెరుస్తుంది. గుర్తించడానికి ఇదే సులువైన దశ. ఆ తర్వాత గడ్డ కరుగుతూ, పీచుకడుతూ రంగులు కలగాపులగమవుతాయి.

మొదటి రోజుల చిక్కును తీర్చేది గ్రేడియంట్ ఎకో, ఎస్‌డబ్ల్యూఐ అనే బొమ్మలు. ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో కలిగే చిన్న తేడాను కూడా ఇవి పట్టుకుంటాయి. గడ్డ అసలు కంటే పెద్దగా, కారునల్లగా కనిపిస్తుంది. పెద్ద సైనస్‌లన్నీ బాగుండి ఒక్క ఉపరితల సిర మాత్రమే మూసుకున్నప్పుడు వీనోగ్రామ్‌లో అది జారిపోవచ్చు. ఎస్‌డబ్ల్యూఐలో నల్లటి వంకర గీతగా దొరికిపోతుంది.

ఎంఆర్ వీనోగ్రామ్ పారే రక్తాన్ని చూపిస్తుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతికి కాంట్రాస్టు అక్కర్లేదు, కాబట్టి గర్భిణులకు అదే ఎంచుకుంటారు. దీనికీ పరిమితులున్నాయి. చాలామందికి పుట్టుకతోనే ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ సన్నగా ఉంటుంది. ఈ పద్ధతిలో తీసిన బొమ్మలో అక్కడ రక్తమే లేనట్టు ఖాళీ కనిపించవచ్చు. ఏ జబ్బూ లేని వందమందిని పరీక్షిస్తే 31 మందిలో ఇలాంటి ఖాళీలు కనిపించాయని 2000లో ఒక అధ్యయనం చెప్పింది. ఇంకో చిక్కు దీనికి పూర్తిగా ఎదురు: రెండో వారంలో మెరిసే గడ్డ ఈ బొమ్మలో పారే రక్తంలా కనిపించి, దారి తెరిచే ఉందనిపిస్తుంది. అందుకే వీనోగ్రామ్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పరు. టీ1, టీ2, ఎస్‌డబ్ల్యూఐ బొమ్మలను పక్కన పెట్టుకుని, గడ్డ కనిపించిన చోటే ప్రవాహం ఆగిందా అని సరిచూస్తారు.

సీటీలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఒంట్లో నీరు తగ్గినా, ఎర్రకణాలు ఎక్కువైనా సైనస్ తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు అదే ఫిల్ములో ధమనులను చూడాలి. అవీ అంతే తెల్లగా ఉంటే రక్తం చిక్కదనం, సైనస్ ఒక్కటే తెల్లబడితే గడ్డ. తీవ్రమైన రక్తహీనతలో రక్తం మామూలుకంటే నల్లగా ఉంటుంది కాబట్టి గడ్డ అంకె కూడా తక్కువే ఉండవచ్చు. మన దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోవడం మరీ అవసరం.

గడ్డల ఆనవాలు చూసే డీ-డైమర్ రక్తపరీక్ష సాయపడుతుంది కానీ, అది మామూలుగా ఉన్నంత మాత్రాన గట్టి అనుమానాన్ని వదులుకోకూడదు. గర్భిణుల్లో, బాలింతల్లో అది ఎటూ పెరిగే ఉంటుంది.

పేరు తేలాక

చికిత్స వినడానికి వింతగా ఉంటుంది. మెదడులో రక్తస్రావం కనిపిస్తున్నా, రక్తాన్ని పలచన చేసే హెపారిన్ ఇస్తారు. వెనక్కి తన్నిన పీడనం వల్లే రక్తం చిమ్మింది కాబట్టి దారి తెరిస్తేనే అది ఆగుతుంది. 1991లో జర్మనీకి చెందిన ఐన్‌హాయుప్ల్ బృందం ప్రచురించిన ప్రయోగంలో హెపారిన్ ఇచ్చిన పదిమందిలో ఎనిమిది మంది మూడు నెలల్లో పూర్తిగా కోలుకున్నారు, ఎవరూ చనిపోలేదు. ఇవ్వని పదిమందిలో ముగ్గురు చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ప్రయోగాన్ని ఇరవై మందితోనే ఆపేశారు. టీకా వల్ల వచ్చిన అరుదైన రకంలో మాత్రం హెపారిన్ వాడరు.

హెపారిన్ తర్వాత మూడు నుంచి పన్నెండు నెలలు మాత్రలు వాడాలి. ఫిట్స్‌కు మందులుంటాయి. వాపు ప్రాణం మీదకు తెస్తే పుర్రె ఎముక కొంత తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ చేస్తారు. ఆ 624 మందిలో 79 శాతం దాదాపు మామూలు మనుషులయ్యారు. మరణాలు 8 శాతం. ఒకప్పుడు శవపరీక్షలో మాత్రమే తేలిన జబ్బు ఈనాడు ఎక్కువమందికి నయమయ్యే జబ్బు.

ఇంత మంచి స్కాన్లు ఉండి కూడా వారం గడవడానికి కారణం యంత్రం కాదు. మెదడు సిరల కోసం తీయని స్కాన్‌లో సిరల జబ్బు సరిగా కనపడదు. సిరల కోసం తియ్యాలని డాక్టరుకు తట్టాలంటే రోగి కథ పూర్తిగా వినాలి, రోగి పూర్తిగా చెప్పాలి. ఒక్క ఉదాహరణ చాలు. సిజేరియన్ కోసం నడుముకు మత్తు సూది ఇచ్చాక వచ్చే తలనొప్పి లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. సీవీటీ తలనొప్పి సాధారణంగా పడుకుంటేనే ఎక్కువవుతుంది. బాలింత తలనొప్పి మొదట ఒకలా ఉండి తర్వాత తీరు మార్చుకుంటే, ఆ ఒక్క మాట డాక్టరుకు చెప్పడం వీనోగ్రామ్‌కు దారితీయవచ్చు.

కాబట్టి పాఠకులకు చెప్పేది ఇది. మీ ఇంట్లో పడుచు వయసు వాళ్ళకు, ముఖ్యంగా బాలింతకు, రోజురోజుకీ పెరిగే కొత్తరకం తలనొప్పి వచ్చి, దానికి వాంతులో, చూపు మసకో, ఫిట్సో, మగతో తోడైతే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి ఆ రోజే తీసుకెళ్ళండి. ప్రసవమై ఎన్నాళ్ళయింది, ఏ మాత్రలు వేసుకుంటోంది, ఇంట్లో ఎవరికైనా కాళ్ళలో గడ్డలు కట్టాయా, చెవిలో చీము ఉందా అన్నవి అడగకముందే చెప్పండి. సీటీ నార్మల్ అని వచ్చినా నొప్పి తగ్గకపోతే, "సిరల కోసం వీనోగ్రామ్ తియ్యాలా డాక్టరుగారూ?" అని మొహమాటపడకుండా అడగండి. బాలింతకు మాత్రం దాహమేసినప్పుడల్లా కడుపునిండా నీళ్ళివ్వండి.